అన్న వేసిన ముడి

అరవై దాటిన మనిషిని పట్టుకుని "ఒరేయ్ చిన్నోడా" అంటే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. మన చిన్నోడికి ఆ పిలుపంటే కోపం లేదు. పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారన్న దిగులు మాత్రం ఉంది. రేవులో ఆ పేరు రావడానికి కారణం పక్కన ఒక పెద్దోడు ఉండటమే. ఇద్దరూ అన్నదమ్ములు, ఇద్దరూ పెళ్ళి మాటెత్తితే నవ్వేసి ఊరుకున్నవాళ్ళు, ఇద్దరికీ కలిపి ఒక్క తెరచాప పడవ. ఇల్లన్నా అదే, ఆస్తన్నా అదే. పెద్దోడు పోయి ఏళ్ళు గడిచినా చిన్నోడు చిన్నోడుగానే ఉండిపోయాడు.

తెరచాప పడవ అనగానే నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగే షోకిల్లా రాయుళ్ళ పడవ అనుకునేరు. అన్న పనిచేసిన పడవల కార్ఖానాలో ఎవరో సగం కట్టించుకుని వదిలేసి పోయిన చెక్క పడవ అది. అన్న వడ్రంగి. సెలవు రోజుల్లో కూర్చుని మిగతా సగం తనే కట్టాడు. తమ్ముడు గోడలకు రంగులేసే మనిషి. అన్న పలక బిగిస్తే తమ్ముడు రంగు పట్టించాడు. మొదటిసారి నీళ్ళలోకి దింపిన రోజు రేవు రేవంతా వచ్చి నిలబడింది, మునుగుతుంటే చూద్దామని. మునగలేదు. వచ్చినవాళ్ళు కాస్త నిరాశతోనే ఇళ్ళకు వెళ్ళారు.

మెట్లు దిగితే కింద ఒకటే గది. దిగగానే ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క పనిముట్ల పెట్టె. ఇంకాస్త లోపలికి పోతే ఎదురెదురుగా రెండు మంచాలు, మధ్యలో మడత బల్ల. పడవ ఒరిగినప్పుడు పళ్ళాలు జారిపడకుండా అల్మరా అరకు ముందొక చెక్క అంచు. టీ కప్పులు రెండూ కొక్కేలకు వేలాడుతుంటాయి. నిటారుగా నిలబడితే తల పైచెక్కకు కొట్టుకుంటుంది కాబట్టి అన్నదమ్ములిద్దరూ కొంచెం వంగే బతికారు. గట్టెక్కినా ఆ వంగుడు పోయేది కాదు. "ఏంటి, దారిలో అందరికీ సలాం కొడుతూ పోతున్నారు?" అని సూదమ్మ ఎగతాళి చేసేది.

సూదమ్మంటే గట్టు మీద ఎదురుగా ఉన్న పాత గోదాములో తెరచాపలు కుట్టే ఆమె. అరచేతికి తోలుపట్టీ, వేళ్ళ మధ్య జానెడు సూది. ఆమె నాలుక ముందు ఆ సూది మొద్దుదనే చెప్పాలి.

అన్న బతికుండగా ఆ గది మధ్యలో ఒక గీత ఉండేది. కంటికి కనిపించదు గానీ ఉండేది. ఎడమ మంచం అన్నది. దుప్పటి మడత మీద ఈగ వాలితే జారిపడాల్సిందే. కుడి మంచం తమ్ముడిది. అక్కడ రంగు మరకల చొక్కా, సగం తిన్న బ్రెడ్డు, ఒక చెప్పు, రెండో చెప్పు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. "సముద్రానికి ఏడాదికోసారి వస్తుందిరా తుపాను. నీ మంచానికి రోజూ వస్తుంది" అనేవాడు అన్న. ఇంకో మాట కూడా అనేవాడు. "పడవలో వస్తువు దాని చోట లేదంటే, కావాల్సినప్పుడు అది లేనట్టే." తమ్ముడు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊది ఊది అన్న కూడా కొన్నాళ్ళకు మానేశాడు. తనే సర్దేవాడు.

అన్న పోయాక ఆ మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి చెవిలో కూర్చున్నాయి. మనుషులం ఇంతే, చెప్పేవాడు పోయాక వింటాం. మొదట ఒక రోజు చిన్నోడు తన దుప్పటి మడతపెట్టాడు. తర్వాత చెప్పులు జతగా పెట్టాడు. ఏడాది తిరిగేసరికి గదిలో గీత చెరిగిపోయి, రెండు వైపులా ఒకేలా తయారయ్యాయి. పొద్దున లేవగానే నేల చెక్క ఒకటి ఎత్తి, అడుగున ఎంత నీరు చేరిందో పుల్లతో కొలిచి, తోడిపోయడం. ఆ తర్వాత పైచెక్క కడగడం, అదీ ఉప్పునీళ్ళతోనే, మంచినీళ్ళయితే చెక్క కుళ్ళుతుందని అన్న మాట. పలకల సందుల్లో నీరు రాకుండా కుక్కిన నార ఎక్కడైనా లేచిందేమో గోటితో గీరి చూడటం. ఎండ కాసి గాలి లేని రోజున తెరచాప విప్పి, ఆరబెట్టి, కుట్లు చూసి, మళ్ళీ చుట్టి కట్టడం. అన్న మంచం మీది దుప్పటి దులపడం. అన్న కప్పు తుడిచి మళ్ళీ అదే కొక్కేనికి తగిలించడం.

ఇంత చేసీ పడవ మాత్రం రేవు దాటింది లేదు. తెరచాప ఎత్తి దారి పట్టించేవాడు అన్న. తమ్ముడు 'పట్టుకో' అంటే పట్టుకునేవాడు, 'వదులు' అంటే వదిలేవాడు. ఆ మాటలు అనేవాడు లేడు కదా.

ముడులు కూడా అన్న పోయాకే నేర్చుకున్నాడు. అంతకుముందు చిన్నోడు వేసే ముడి ముడి కాదు, ఏదో తాడును బతిమాలుకున్నట్టుండేది. పైగా అన్నది ఎడమచేతి వాటం. ఎదురుగా కూర్చుని నలభై ఏళ్ళు చూసిన చేతుల్ని గుర్తు చేసుకుంటూ, అవి ఎటు తిరిగాయో అటే తాడు తిప్పుతూ, కుడిచేతి వాటం మనిషి ఎడమచేత్తో నేర్చుకున్నాడు. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఇప్పుడు ఆ పడవలో ప్రతి ముడీ ఎడమవైపు తిరిగి ఉంటుంది. రేవులో ఇంకెవరి పడవలోనూ అలా ఉండదు.

పడవను గట్టుకు మూడు మోకులు పట్టి ఉంచుతాయి. ముందొకటి, నడుముకొకటి, వెనకొకటి. వాటికీ ఒక పద్ధతుంది. గట్టు రాయి అంచు మీద మోకు ఎప్పుడూ ఒకేచోట ఒరుసుకుంటే, ఎంత లావుదైనా ఒకనాటికి తెగుతుంది. అందుకని నెలకోసారి గట్టు మీది ఇనపకడియం దగ్గర ముడి విప్పి, మోకును మూరెడు జరిపి, మళ్ళీ కట్టాలి. రేవులో పసివాడికి కూడా తెలిసిన సంగతి. నడుము మోకునూ వెనక మోకునూ చిన్నోడు నెల తప్పకుండా జరిపేవాడు. ముందు మోకును మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు.

అది అన్న ఆఖరిసారి కట్టిన మోకు.

ఆ రోజు పొద్దున అన్న ఆసుపత్రికి బయలుదేరుతున్నాడు. చిన్న పరీక్షలేవో ఉన్నాయి, రెండు రోజుల్లో వచ్చేస్తానన్నాడు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగాడు, చలిగా ఉందన్నాడు. గట్టెక్కాక, మోకులు జరపాల్సిన రోజని గుర్తొచ్చి, ముందు మోకు విప్పి కట్టడం మొదలుపెట్టాడు. ఎంతకీ తెమల్చడే! సంచి భుజాన వేసుకుని నిలబడి నిలబడి తమ్ముడికి విసుగొచ్చింది.

"ఏంటన్నయ్యా, ముడేస్తున్నావా, స్వెటర్ అల్లుతున్నావా?"

అన్న తలెత్తలేదు. కట్టడం పూర్తిచేసి, లేచి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "నేనొచ్చేదాకా ఈ ముడి ముట్టుకోకు. నీ ముడి మూన్నాళ్ళ ముచ్చట" అన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ నడిచారు.

అన్న తిరిగి రాలేదు. పరీక్షలనుకున్నవి పరీక్షలతో ఆగలేదు. వారం గడిచేసరికి చిన్నోడు ఒక్కడే గట్టు మీదికి వచ్చాడు. పడవ ఎక్కలేక ఆ కడియం దగ్గరే కూలబడ్డాడు. ఆ తర్వాత సూదమ్మ దగ్గరికి వెళ్ళి ఒక తెరచాప గుడ్డ ముక్క అడిగాడు. కడియం మీది ముడినీ, రాయి అంచు దాకా మోకునూ ఆ గుడ్డతో చుట్టి, మైనం పూసిన దారంతో కుట్టేశాడు. వానకు తడవకూడదు, ఎండకు పాడవకూడదు, రాయికి ఒరుసుకోకూడదు. సూదమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. ఏటా ఆ గుడ్డ మీద ఇంకో పూత మైనం పట్టించేవాడు చిన్నోడు. ముట్టుకోకు అన్నాడు కదా అన్న. ముట్టుకోలేదు.

ఈ వైభోగమంతా చూసి ఒళ్ళు మండే మనిషి ఒకామె ఉంది. అన్నకు చెల్లెలు, చిన్నోడికి అక్క. ఊళ్ళో గుండీలూ దారాలూ అమ్మే కొట్టు ఆమెది. కొట్టు వెనక రెండు గదులు, ఆమె ఒక్కతే. వారానికోసారి రేవుకు వచ్చేది గానీ పడవలో కాలు పెట్టేది కాదు. అన్నను మింగింది అదేనని ఆమె కోపం. పడవ ఏం చేసిందమ్మా పాపం, అని ఎవరైనా అంటే వాళ్ళ మీద కూడా కోపమే. గట్టు మీద నిలబడి, తెచ్చిన డబ్బా తమ్ముడి చేతికందించి, తిట్లు కూడా అక్కణ్ణుంచే అందించేది.

"పోయినవాడు పోయాడు. నువ్వు ఆ మోకు పట్టుకుని వేలాడుతున్నావు. కొట్టు వెనక గది ఖాళీగా ఉంది, కిటికీ కూడా ఉంది. రారా అంటే రావు. ఒక రాత్రి ఇందులో కాలు జారి పడితే ఎవరికి తెలుస్తుంది?"

"పడతాననే అనుకుంటున్నావు. పడవను చూడక్కా, ఎక్కడైనా వంక ఉందా? నేను సరిగ్గా చూసుకోకపోతే కదా?"

"చూసుకోవడం ఒక రోజు తప్పుతుంది. అందరికీ తప్పుతుంది."

"తప్పిన రోజు చెప్పు. నా నిర్లక్ష్యం వల్ల దీనికి దెబ్బ తగిలిందంటే, ఆ రోజే సంచి సర్దుకుని నీ వెనకాలే వచ్చేస్తా. ఇదే నా మాట."

అక్క ఆ మాటను గుండీలా దాచుకుంది. చిన్నోడికి భయం లేదు. ఇంత ఒద్దికగా ఉంచిన పడవకు దెబ్బెలా తగులుతుంది? అన్న చోటు ఆ ఎడమ మంచం, అన్న కప్పు, గట్టు మీద అన్న వేసిన ముడి. వాటిని వదిలి గుండీల కొట్టు వెనక కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చునే బతుకు తనకు రాదని గట్టిగా నమ్మాడు.

ఆ మధ్యాహ్నం గాలి లేచింది. అంతకంటే పెద్ద గాలుల్ని చూసిన పడవే. చిన్నోడు మోకులు ఒకసారి చూసుకుని, మెట్ల పైన మూత వేసుకుని, కింద కూర్చుని దీపం గాజు తుడుస్తున్నాడు. పైన ఠప్పుమని ఒక చప్పుడు. ఆ వెంటనే పడవ ముందుభాగం ఎటో పోతున్నట్టు నేల కదిలింది. గాజు మాత్రం దాని చోట పెట్టి మరీ మెట్లెక్కాడు. ఆ అలవాటును మెచ్చుకోవాలో ఏడవాలో తెలియదు.

ముందు మోకు లేదు. పడవ ముక్కు గట్టు నుంచి విడిపోయి గాలికి ఎదురు తిరిగింది. వెనకా నడుమూ పట్టిన మోకులు రెండూ బిర్రబిగిసి మూలిగాయి. చిన్నోడు చేతికందిన తాడు పడవ ముందు కొయ్యకు కట్టి, రెండో కొస గట్టు వైపు విసిరాడు. అప్పటికే గోదాములోంచి సూదమ్మ పరుగెత్తుకొస్తోంది. మొదటిసారి తాడు నీళ్ళలో పడింది. రెండోసారి ఆమె పట్టుకుని ఇనపస్తంభానికి రెండు చుట్లు చుట్టింది. ఆ రెండు విసుర్ల మధ్యే, పడవ తిరిగొచ్చి పక్కభాగాన్ని రాతిమెట్ల మూలకు కొట్టుకుంది. చెక్క విరిగిన చప్పుడు చిన్నోడికి తన పక్కటెముకలో వినిపించింది.

పక్క పడవలవాళ్ళు వచ్చారు. ఒకరు తోడారు, ఒకరు పట్టుకున్నారు, పగిలిన చోట గుడ్డ కుక్కి, పైన రేకు వేసి మేకులు కొట్టారు. సాయంత్రానికి గాలి కూడా, ఏం ఎరగనట్టు పడుకుంది. పగిలింది నీటిగీతకు కాస్త పైన, అన్న బిగించిన పలకల్లో రెండు. మునిగే ప్రమాదం లేదు గానీ, కార్ఖానాలో ఒడ్డుకెక్కించి పలకలు మార్చాల్సిందే. అందరూ భుజం తట్టి వెళ్ళిపోయారు. 

మర్నాడు తెల్లవారాక గట్టెక్కి కడియం దగ్గర కూర్చున్నాడు. మైనపు గుడ్డ అలాగే ఉంది, రాయి అంచు దగ్గర మాత్రం చిరిగి వేలాడుతోంది. చాకుతో కుట్లు కోశాడు. లోపల తెల్లగా ఉప్పు గడ్డకట్టింది, దాంతోపాటు సన్నటి ఇసుక. కాపాడుతుందని చుట్టిన గుడ్డే ఇన్నేళ్ళుగా ఉప్పునూ ఇసుకనూ లోపల దాచి, మోకు కదిలినప్పుడల్లా దాన్ని రంపంలా కోసింది. బయటికి కనిపించి ఉంటే ఏనాడో కనిపెట్టేవాడు. కనిపించకుండా తనే కుట్టాడు.

గుడ్డ పూర్తిగా తీసేశాడు. మోకు తెగింది గానీ కడియానికి ముడి చెక్కుచెదరకుండా ఉంది. "నీదేం తప్పు లేదన్నయ్యా" అని పైకే అన్నాడు. చేత్తో నిమిరాడు. నిమిరే చెయ్యి ఆగింది.

మొదట ఏదో తేడాగా అనిపించింది, ఏమిటో అంతుపట్టలేదు. రోజూ చూసే మనిషి ఒకనాడు పాపిడి రెండోవైపు తీసుకుని వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. జేబులోంచి తాడుముక్క తీసి, పక్కనే కడియానికి తన అలవాటు ప్రకారం ముడి వేశాడు. రెండిటినీ చూశాడు. తనది ఎడమకు తిరిగింది. అది కుడికి తిరిగింది.

గుడ్డ చుట్టిన రోజు అతనికి ముడికీ ముడికీ తేడా తెలియదు. ఆ తర్వాత నేర్చుకున్నాడు గానీ, ఆ గుడ్డ విప్పి చూసిందెప్పుడు?

లేచి గోదాములోకి నడిచాడు. సూదమ్మ ఒళ్ళో తెరచాప పరుచుకుని కుడుతోంది.

"కడియం మీద ముడి ఎవరు వేశారు?"

సూది గుడ్డలో సగం దిగి అక్కడే ఉండిపోయింది. 

"నేనే వేశాను."

"అన్నయ్యది ఏమైంది?"

"జారిపోయింది, చిన్నోడా. మీరు ఆసుపత్రికెళ్ళిన మర్నాడు కాస్త గాలి లేచింది. నిన్నటంత గాలి కూడా కాదు. బయటికొచ్చి చూస్తే మోకు నీళ్ళలో తేలుతోంది, కడియానికి ఏమీ లేదు. లాగి నేనే కట్టాను."

"అన్నయ్య ముడి జారదు."

"మోకు చేతిలో పట్టుకుని నేనూ అదే అనుకున్నాను."

చిన్నోడు గుడ్డల మూట మీద కూర్చున్నాడు. సూదమ్మ తోలుపట్టీ విప్పి పక్కన పెట్టింది.

"ఆయన చేతులు మాట వినడం మానేశాయి. అంతకు కొన్నాళ్ళ ముందే ఒకసారి ఇక్కడికొచ్చి సూదిలో దారం ఎక్కించి ఇమ్మన్నారు. కళ్ళజోడు మర్చిపోయి వచ్చానన్నారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. నేను చూడనట్టే ఎక్కించి ఇచ్చాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? పెద్దాయన కట్టిన ముడి జారిందని, ఆయన పోయిన వారం నీతో అనమంటావా? చెప్దామనే లేచాను. నువ్వొచ్చి ఆ ముడి ముందు కూర్చుని ఏడ్చావు. గుడ్డ కావాలన్నావు. ఇచ్చాను. ఆ రోజే చెప్పాల్సింది. ఆ రోజు రాని నోరు తర్వాత ఎలా వస్తుంది? ప్రతి ఏడూ నువ్వు మైనం డబ్బా పట్టుకుని కూర్చుంటే, నేను ఈ తలుపు వేసుకునేదాన్ని."

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. ఇన్నేళ్ళు తను కాపలా కాసింది అన్న ముడి కాదన్నది కూడా కాదు అతణ్ణి కోసింది. రెండు చేతులతో పట్టుకున్న టీ కప్పు కళ్ళముందుకొచ్చింది. చలి కాదది. తలెత్తకుండా ఆ మోకుతో కుస్తీ పట్టిన మనిషి. కట్టాక జేబుల్లో దాచుకున్న చేతులు. తన చేతగానితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి తమ్ముడి ముడిని ఎగతాళి చేశాడు, అంతే. స్వెటర్ అల్లుతున్నావా అని తమ్ముడు పళ్ళికిలించాడు. ఇప్పుడు పలకలో వెంట్రుకవాసి చెమ్మను కూడా పట్టేసే కళ్ళకు, అప్పుడు ఎదురు మంచం మీది మనిషి కనిపించలేదు. చిన్నోడు మొహం ఆ తెరచాప గుడ్డలో దాచుకుని ఏడ్చాడు. సూదమ్మ ఓదార్చలేదు, తన కళ్ళు తుడుచుకునే పనిలో ఉంది.

కబురు అందుకుని మధ్యాహ్నానికి అక్క వచ్చింది. తిట్లన్నీ దారిలోనే పోగుచేసుకుని వచ్చిందని నడకలోనే తెలుస్తోంది. గట్టు మీద ఆగి, పగిలిన పక్కను చూసింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి తమ్ముడి కోసం చాపింది. ఇన్నేళ్ళలో మొదటిసారి పడవలోకి దిగింది.

కింద గదిలో చుట్టూ చూసింది. కొక్కేలకు రెండు కప్పులు. మడత చెదరని రెండు దుప్పట్లు. కుడి మంచం మీద, సర్ది పెట్టిన సంచి.

"సర్దేశావా?"

"మాటన్నాను కదక్కా."

ఆమె ఎడమ మంచం అంచున కూర్చుంది. చిన్నోడు సూదమ్మ చెప్పిందంతా చెప్పాడు. ముడి జారిందన్నాడు, చేతుల సంగతి చెప్పాడు. అక్క దుప్పటి మడత మీద వేలితో గీస్తూ వింది. వినడం అయ్యాక కూడా గీస్తూనే ఉంది.

"ఆ ఆఖరి రోజుల్లో అన్నయ్య చొక్కా బొత్తాలు పెట్టుకోకుండా కొట్టుకొచ్చేవాడు" అంది. "గుండీలు ఊడిపోయాయేమో అనుకున్నాను. ఇలా ఇవ్వు, కుట్టిపెడతానన్నాను. ఫ్యాషన్ అన్నాడు. ఈ వయసులో ఫ్యాషనేంటని నవ్వాను. కొట్టు నిండా గుండీలు పెట్టుకుని కూర్చున్నాను గానీ, చొక్కాకు గుండీలు ఉన్నాయో లేదో చూడలేదురా."

చిన్నోడు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. అన్న పోయాక ఆ మంచం మీద కూర్చోవడం అతనికి అదే మొదలు. ఇద్దరి బరువుకూ దుప్పటి మడత చెదిరింది. ఎవరూ సరిచెయ్యలేదు.

కార్ఖానాలో చోటు ఖాళీ అయ్యేదాకా పడవ గట్టుకే ఉండాలి. అక్క వెంట బయలుదేరే ముందు చిన్నోడు ఇనపపుల్ల తీసుకుని కడియం మీది పాత ముడి విప్పాడు. అన్నదే అయితే విప్పే ధైర్యం వచ్చేది కాదేమో. సూదమ్మది గనక విప్పాడు. ఆమె చెయ్యి గట్టిదే, చాలాసేపు పట్టింది. విప్పిన ముక్కను ఆమె పారెయ్యమంది. అతను కిందికి వెళ్ళి తాడుముక్కల పెట్టెలో వేసి వచ్చాడు. దాని చోటు అదే. అక్క కొక్కేల మీంచి కప్పులు రెండూ తీసి, అన్న కప్పును తన కొంగులో చుట్టుకుంది.

కొత్త మోకు తెచ్చి కడియానికి కట్టాడు. చెయ్యి దానంతటదే ఎడమవైపు తిరిగింది. లాగి చూశాడు. ఇంకోసారి లాగి చూశాడు. సూదమ్మ వంగి చూసి, "అచ్చం పెద్దాయనదే" అంది. 

సంచి భుజాన వేసుకుని లేచాడు. "నేనొచ్చేదాకా ఈ ముడి ముట్టు..." అన్నాడు. మాట మధ్యలో ఆపేశాడు. సూదమ్మ వైపు తిరిగాడు.

"వదులైతే నువ్వే విప్పి కట్టు, సూదమ్మా. నెలకోసారి మూరెడు జరుపు."

"జరుపుతాను" అంది సూదమ్మ. "వదులైతే నీకు చెప్తాను. ఈసారి ఆ రోజే వచ్చి చెప్తాను."